రీసెట్ చేసినా పోని యాప్: రూ. 5,500 ఫోన్, 14 నెలల వాడకం

విశాఖ జగదాంబ జంక్షన్‌లో కొన్న 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్ ఫోన్ ఇది. మధ్యాహ్నం బీచ్ రోడ్డు ఎండలో స్క్రీన్ కనపడదు. మొదట్లో రోజున్నర వచ్చిన ఛార్జింగ్ ఇప్పుడు సాయంత్రానికే అయిపోతోంది. ఆ ధరకు ఇవన్నీ సర్దుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచే లోపల కూర్చుని వచ్చిన యాప్‌తో మాత్రం సర్దుకోలేం.

మొదటి పది రోజులు ఏ తేడా ఉండదు. షాపులో మార్చుకునే గడువు ఏడు రోజులే, అది దాటాకే అసలు రంగు బయటపడింది. లాక్ తీయగానే స్క్రీన్ నిండా ప్రకటన. ఎవరూ వేయని గేమ్ యాప్‌లు తెల్లారేసరికి ప్రత్యక్షం. అడగని గేమ్ ప్యాక్ పేరుతో మెయిన్ బ్యాలెన్స్‌లో కోత. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే దొంగ దొరికాడు: ఒక్క అప్‌డేట్ కూడా రాకపోయినా ‘సిస్టమ్ అప్‌డేట్’ అనే యాప్ రాత్రికి 40 నుంచి 60 ఎంబీ తినేస్తోంది.

చాలామంది వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. దానివల్ల లాభం లేదు. రీసెట్ తుడిచేది మన ఫొటోలు, యాప్‌లు ఉండే డేటా భాగాన్నే. ఇది ఉండేది సిస్టమ్ భాగంలో. ఇంట్లో సామానంతా బయట పెట్టినా గోడలో చెద అలాగే ఉన్నట్టు.

ఇది అక్కడికి ఎలా చేరుతుంది? చౌక ఫోన్ల కంపెనీలు చాలావరకు అప్‌డేట్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా రాసుకోవు, బయటివాళ్ళ దగ్గర తెచ్చుకుంటాయి. 2016లో అడప్స్ అనే చైనా సంస్థ అప్‌డేట్ యాప్ అమెరికాలో అమ్మిన చౌక ఫోన్ల నుంచి మెసేజ్‌లు, కాంటాక్టులు చైనా సర్వర్‌కు పంపుతున్నట్టు క్రిప్టోవైర్ అనే సెక్యూరిటీ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. ఫేస్ అన్‌లాక్ లాంటి ఫీచర్ల కోసం బయటి సంస్థకు సిస్టమ్ ఇమేజ్ (ఫోన్‌లో ఎక్కించే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మొత్తం) పంపితే అందులో ట్రయాడా అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చేరి తిరిగొచ్చిందని 2019లో గూగులే చెప్పింది.

కొన్న రోజే రెండు పరీక్షలు చేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ (ఫోన్‌కు గూగుల్ ఆమోదం) లేకపోతే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి. తర్వాత *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐని, అంటే ఫోన్ గుర్తింపు నంబర్‌ను, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో చూడండి. అయితే ఆ నంబర్ అసలుదైనంత మాత్రాన లోపల మాల్‌వేర్ లేదని కాదు.

గడువు దాటిపోతే మిగిలేది ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) దారి. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కు కలిపి, ఏడీబీతో సిస్టమ్ ప్యాకేజీల (యాప్‌ల) జాబితా తీయాలి. అనుమానమున్న ప్యాకేజీని ముందు డిసేబుల్ మాత్రమే చేసి రెండు రోజులు చూడండి. అంతా బాగుంటే యూజర్ 0కు (ఫోన్ ప్రధాన యూజర్‌కు) అన్‌ఇన్‌స్టాల్ చేయండి. సిస్టమ్ యూఐ, సెట్టింగ్స్, ఫోన్ ప్యాకేజీల జోలికి పోతే ఫోన్ లోగో దగ్గరే ఆగిపోవచ్చు. 2020లో మాల్‌వేర్‌బైట్స్ అనే సెక్యూరిటీ సంస్థ పరీక్షించిన ఒక అమెరికా చౌక ఫోన్‌లో సెట్టింగ్స్ యాప్‌లోనే మాల్‌వేర్ ఉంది. దాన్ని తీస్తే ఫోనే పనిచేయదు.

ఈ ఫోన్‌లో అప్‌డేట్ యాప్ తీశాక ప్రకటనలు ఆగాయి, రాత్రి డేటా వాడకం సున్నాకు వచ్చింది. కానీ ఆ యాప్ ఫైల్ సిస్టమ్ భాగంలో అలాగే ఉంటుంది కాబట్టి ఎనిమిదో నెలలో రీసెట్ చేస్తే మళ్ళీ హాజరు. పైగా అప్‌డేట్ యాప్ పోయిందంటే సెక్యూరిటీ ప్యాచ్‌లూ పోయినట్టే. ఆ నష్టం తెలిసే తీశాను. ట్రయాడా లాంటిది ఉంటే ఏడీబీ కూడా చాలదు. ప్రతి యాప్ పుట్టే జైగోట్ ప్రాసెస్‌లోనే అది దూరుతుంది. శుభ్రమైన ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చేయాల్సిందే (ఫోన్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తగా ఎక్కించాల్సిందే), ఇలాంటి బ్రాండ్లకు ఆ ఫైల్ దొరకడమే కష్టం. ఏదో ఒక సైట్‌లోది ఎక్కిస్తే మళ్ళీ అదే రోగం రావచ్చు.

నాకు బాధంతా ఒక్కచోటే. ఫిషింగ్ హార్బర్‌లో, పూర్ణా మార్కెట్‌లో చిన్న బేరాలు చేసుకునేవాళ్ళు కొనగలిగేది ఈ ధర ఫోన్లే. క్యూఆర్ కోడ్ డబ్బు, బ్యాంకు ఓటీపీ అన్నీ ఆ ఒక్క నంబర్‌కే వస్తాయి. ఎస్ఎంఎస్ చదవగల మాల్‌వేర్ ఉన్న ఫోన్‌లో ఆ సిమ్ వేయకండి, ఓటీపీలకు పాత కీప్యాడ్ ఫోనే మేలు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అడగని ప్యాక్‌లు ఆపించడానికి 155223 ఉంది.

ఫోన్‌గా దీనికి రెండు స్టార్లు, బ్యాంకు సిమ్ వేసే ఫోన్‌గా ఒక్కటీ ఇవ్వను. ఇప్పుడు సిమ్ తీసేసి పాటలకే వాడుతున్నాను, అదీ రౌటర్‌లో గెస్ట్ వైఫై పెట్టి. బ్యాడ్‌బాక్స్ లాంటి మాల్‌వేర్‌లు ఇంటి ఇంటర్నెట్‌నే పరాయివాళ్ళకు దారిగా అమ్ముకుంటాయి. గెస్ట్ వైఫైతో ఆ దారి మూసుకోదు గానీ ఇంట్లోని మిగతా ఫోన్లు, కంప్యూటర్ దాని చేతికి అందవు. పాటలు అయిపోగానే వైఫై ఆపేస్తాను.