లిఫ్ట్ లేని మూడో అంతస్తు: లియోన్‌లో మూడు రాత్రులు

మెట్లు అరవై ఏడని మా ఆయన, అరవై ఎనిమిదని నేను. మూడు రోజులూ ఎక్కిన ప్రతిసారీ లెక్కపెట్టాం, దిగిన ప్రతిసారీ లెక్కపెట్టాం, తేలలేదు. గుండ్రటి బురుజులో మెలికలు తిరుగుతూ పోయే రాతిమెట్లవి. నాలుగైదు వందల ఏళ్ళ కాళ్ళకి అరిగి, ఒక్కో మెట్టు నడిమధ్య విస్తరి దొన్నెలా గుంట పడింది. పట్టుకోవడానికి గోడ వెంట లావుపాటి తాడు. లిఫ్ట్ లేదు. మా దగ్గర పెట్టెలు రెండు, ఒక్కొక్కటి ఇరవై కిలోల పైమాటే.

"పాతకాలం హోటల్ కావాలంటివి కదా, ఎక్కు" అన్నారాయన.

అమ్మాయి పారిస్‌లో చదువుతోంది. జూన్‌లో దాని దగ్గరికి వెళ్ళినప్పుడు, దానికి మధ్యలో పరీక్షలు పడితే మూడు రోజులు మేమిద్దరమే ఎక్కడికైనా పోయి వద్దామనుకున్నాం. అందరూ నీస్ వెళ్ళమన్నారు, సముద్రం ఉంటుందని. నేను లియోన్ అన్నాను. మా నాయన ధర్మవరంలో మగ్గం నేశాడు. ఆ మగ్గం నెత్తిన చీర మీద పువ్వులు తేల్చే జాకార్డు పెట్టె ఉండేది. జాకార్డు అంటే ఆ పెట్టె పేరే అనుకుని పెరిగాను. అది ఒక మనిషి పేరని, ఆయనది లియోన్ అని కాలేజీలో చేరాకగానీ తెలియలేదు. అప్పటినుంచీ మనసులో ఉన్న ఊరు.

పారిస్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో రెండు గంటలు. టికెట్ల ధరలు మన విమానాల లెక్కే, ఎంత ముందు తీసుకుంటే అంత చవక. పార్ దియూ స్టేషన్లో దిగి మెట్రో బీ లైన్ ఎక్కి, సాక్స్ గాంబెట్టాలో డీ లైన్‌కి మారి, వ్యూ లియోన్‌లో దిగాలి. వ్యూ లియోన్ అంటే పాత లియోన్. డీ లైన్ రైలుకి డ్రైవరుండడు. ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం మన మీదికే వస్తున్నట్టుంటుంది. అక్కడ ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనకాల మా ఆయన.

స్టేషన్ నుంచి హోటల్ ఐదు నిమిషాల నడక. కానీ దారంతా గుండ్రాళ్ళు పరిచిన వీధి. పెట్టె చక్రాలు చేసే చప్పుడుకి కాఫీ తాగేవాళ్ళంతా తలెత్తి చూశారు. బ్యాక్‌ప్యాక్ తెచ్చుకోమని అమ్మాయి నెత్తీ నోరూ కొట్టుకుంది, విన్లేదు.

హోటల్ పదహారో శతాబ్దం నాటి వ్యాపారి ఇల్లు. వీధిలోంచి చూస్తే పెద్ద చెక్క తలుపు తప్ప ఏమీ కనబడదు. లోపల చీకటి నడవా, దాటితే చిన్న ముంగిలి, చుట్టూ రాతి వరండాలు, మూలన బావి, మెట్ల బురుజు. గదులు పదిహేను కూడా ఉండవు. కమాను కప్పు కింద ఒక్క టేబులు వేసి ఉంటే అదే రిసెప్షన్. నేను పోయీ పోగానే "మా బుకింగ్..." అని మొదలుపెట్టాను. ఆమె ఏమీ అనకుండా నావైపే చూస్తూ ఆగి, మెల్లగా "బోంజూర్" అంది. నేను కూడా బోంజూర్ అన్నాక అప్పుడు నవ్వి కంప్యూటర్ వైపు తిరిగింది. అక్కడ పలకరింపు కాకుండా పని మొదలవదు. రొట్టెల కొట్లోనైనా, బస్సులోనైనా ఇదే మర్యాద. ఇది ముందే తెలిసుంటే పారిస్‌లో కూడా మాకు సగం చిరాకులు తప్పేవి.

లిఫ్ట్ ఎందుకు లేదు, ఏసీ ఎందుకు లేదు అని అడిగితే ఆమె చేత్తో గోడ చూపించింది. ఈ పేట మొత్తానికి అదే జవాబు. ఒకప్పుడు పాత లియోన్ మురికివాడలా పడిపోయి ఉంటే, అప్పటి మేయరు దీని మధ్యనుంచి పెద్ద రోడ్డు వేయించాలని చూశాడట. ఊరివాళ్ళు అడ్డంపడ్డారు. 1962లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో పాత పేటలను కాపాడే చట్టం తెచ్చాడు. 1964లో ఆ చట్టం కింద దేశంలో మొట్టమొదట రక్షణ దొరికింది ఈ పేటకే. 1998లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కాబట్టి కిటికీ చెక్క మార్చాలన్నా ప్రభుత్వ ఆర్కిటెక్టు సంతకం ఉండాలి. బురుజు కోసి లిఫ్ట్ పెడతామంటే ఎవరూ ఒప్పుకోరు. అది విన్నాక కోపం కొంచెం తగ్గింది. మోకాళ్ళ నొప్పి మాత్రం తగ్గలేదు.

ఇక గది. తలుపు తీయగానే బావిలోకి తొంగిచూస్తే వచ్చే చల్లటి రాతి వాసన. పైన నల్లటి దూలాలు, చేయి పట్టేంత ఎడంతో వరసగా. కిటికీకి రాతి చట్రం, అడ్డంగా నిలువుగా రాతి కమ్మీ. నేల చెక్క పలకలది, కిటికీ వైపు వాలు. ఎంత వాలంటే, మా ఆయన బీపీ మాత్ర చేతిలోంచి జారితే దొర్లుకుంటూ గదంతా దాటి బీరువా కిందికి పోయింది. పొయ్యే దారంతా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. బాత్‌రూమ్ తర్వాతెప్పుడో గది మూలలో పెట్టె కట్టినట్టు కట్టారు. నీళ్ళు మాత్రం ధారగా, వేడిగా వచ్చాయి. మగ్గు ఉండదు, మనదే తీసుకెళ్ళాలి. కెటిల్ కూడా లేదు. రాత్రి కాసిన్ని వేడినీళ్ళు అడిగితే కింద నుంచి పింగాణీ కూజాలో తెచ్చిచ్చారు. కందిపొడి, నెయ్యి మా దగ్గర ఉన్నాయి. అన్నం ఒక్కటే తక్కువ.

మొదటి రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. బయట ముప్పై నాలుగు డిగ్రీలు. మనకదో లెక్కా అనుకోకండి, రాయి పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. అడిగితే ఫ్యాను ఇచ్చారు. పగలు కిటికీ రెక్కలు మూసి, రాత్రి పది దాటాక తెరవమని చెప్పారు. అక్కడ జూన్‌లో పొద్దుగూకేదే తొమ్మిదిన్నరకి. సరే, పదికి తెరిచాం. తెరిస్తే వీధిలోని బార్లన్నీ గదిలోకి వచ్చేశాయి. ఒంటిగంట దాకా నవ్వులు, గ్లాసులు, కుర్చీలు ఈడ్చే చప్పుళ్ళు. మూస్తే ఉక్క, తెరిస్తే గోల. పొద్దున చూస్తే రిసెప్షన్ టేబులు మీద గాజు గిన్నెలో చెవుల్లో పెట్టుకునే బిరడాలు పెట్టి ఉన్నాయి, మన హోటళ్ళలో సోంపు పెట్టినట్టు. అంటే వాళ్ళకి సంగతి తెలుసన్నమాట. తెలిసినప్పుడు వెబ్‌సైట్లో ఒక్క ముక్క రాయొచ్చు కదా! అక్కడి ఫొటోల్లో అంతా ముంగిలి, బావి, పూలకుండీలు. మాకిచ్చింది వీధి గది.

అడిగితే తెలిసింది అసలు సంగతి. వీధి వైపు గదులు పెద్దవి కాబట్టి వాటికి 142 యూరోలు. ముంగిలి వైపువి చిన్నవి, 118. మేం తెలివిగా ఎక్కువ పెట్టి గోల కొనుక్కున్నాం. రెండో రోజు ముంగిలి గదికి మార్చారు, తేడా డబ్బు అడక్కుండానే బిల్లులో తగ్గించారు. ఆ గది నిజంగానే చిన్నది, మంచం చుట్టూ తిరగాలంటే ఒకరు కూర్చోవాలి. కానీ ఎండ పడదు కాబట్టి చల్లగా ఉంది. రాత్రి కిటికీ తెరుచుకుని పడుకుంటే పావురాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇలాంటి హోటళ్ళకి వెళ్ళేవాళ్ళు గది సైజు చూడకండి, కిటికీ ఎటు తెరుచుకుంటుందో అడగండి. అయితే అదీ మూడో అంతస్తే, మెట్లు అవే.

మెట్ల దగ్గర ఇంకో తమాషా ఉంది. లైటు బొత్తాం నొక్కితే నిమిషం వెలిగి తనంతట తానే ఆరిపోతుంది. కరెంటు పొదుపు. పాతికేళ్ళ వాళ్ళకి నిమిషం చాలు. మాకు రెండో మెలిక దగ్గరికి రాగానే చీకటి. గోడ తడుముకుంటూ నారింజ రంగులో మిణుకుమనే బొత్తాం వెతుక్కోవాలి. రాత్రి పదకొండు తర్వాత రిసెప్షన్లో ఎవరూ ఉండరు, వీధి తలుపుకి కోడ్ నంబరు ఇస్తారు. ఆ నంబరు ఫొటో తీసుకోండి, కాగితం మీద రాసుకుంటే గదిలోనే మర్చిపోతారు. ఎవరు మర్చిపోయారో చెప్పను.

బ్రేక్‌ఫాస్ట్ తలకి 14 యూరోలు. రొట్టె, వెన్న, జామ్, చీజ్, క్రోసాంట్, కాఫీ. బాగుంది, 14 యూరోలంత బాగాలేదు. రెండో రోజునుంచి వీధి చివర బేకరీలో గులాబీ రంగు చక్కెర బాదం కూరిన బ్రియోష్ అనే మెత్తటి తీపి రొట్టె కొనుక్కుని బావి గట్టు మీద కూర్చుని తిన్నాం.

చూడాల్సినవి చాలా ఉన్నాయి, అన్నిటి గురించీ రాయను. ఫూర్వియేర్ కొండ మీదికి తాడుతో లాగే చిన్న రైలు ఉంది. ఊరివాళ్ళు దాన్ని ఫిసెల్ అంటారు, అంటే పురికొస. పైన తెల్లటి చర్చిని కాళ్ళు పైకెత్తి వెల్లకిలా పడుకున్న ఏనుగు అని వాళ్ళే ఎగతాళి చేస్తారు. చూశాక నాకూ అదే కనబడింది. పక్కనే రెండువేల ఏళ్ళ నాటి రోమన్ థియేటర్, టికెట్ లేదు. కొండ కింద త్రబూల్ అనే దారులున్నాయి. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికి పోతే ఇళ్ళ మధ్యనుంచి, ముంగిళ్ళలోంచి నడిచి ఇంకో వీధిలో తేలతాం. రూ అంటే వీధి. రూ సాంజాఁలో 54వ నంబరు తలుపు తీస్తే రూ దు బఫ్‌లో 27వ నంబరు దగ్గర బయటపడతాం. జనం కాపురముండే ఇళ్ళవి, గొంతు తగ్గించి నడవాలి.

నేను వెళ్ళింది క్రువా రూస్ కొండ కోసం. పట్టు నేసే కానూలు పందొమ్మిదో శతాబ్దంలో కాపురాలు పెట్టిన పేట. ఇళ్ళు చూస్తే కిటికీలు మనిషికి రెండింతలు, గదుల ఎత్తు నాలుగు మీటర్ల దాకా. ఎందుకంటే జాకార్డు పెట్టిన మగ్గం అంత ఎత్తుంటుంది. మనవాళ్ళు నేలలో గుంట తవ్వుకుని అందులో కూర్చున్నారు, వాళ్ళు కప్పు పైకి లేపుకున్నారు. కూడలిలో జాకార్డు విగ్రహం ఉంది. నేత ఇంట్లో పుట్టినవాడే, 1752లో. 1804లో ఆ యంత్రం కట్టాడు. అంతకుముందు నేసే మనిషి పక్కన ఇంకొకరు, ఎక్కువగా పిల్లలు, రోజంతా తాళ్ళు లాగుతూ ఉండాల్సి వచ్చేది. ఆ పని అట్టలకి అప్పజెప్పాడు. అట్టలో బెజ్జం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు.

మెజోఁ దె కానూ అని రూ దీవ్రీలో మ్యూజియం ఉంది. అక్కడ ఒకాయన మగ్గం మీద కూర్చుని నేసి చూపించాడు. తొక్కుడు కర్ర తొక్కగానే పైన అట్ట తిరిగింది, పేక దారం మోసే నాడె ఇటునుంచటు పోయింది, ఆ దారాన్ని దగ్గరికి నెట్టే అచ్చు వచ్చి కొట్టింది. ఆ చప్పుడుకి ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు బిస్తాంక్లాక్ పాఁ. అందరూ అది పలకడానికి ప్రయత్నిస్తూ నవ్వుతున్నారు. నాకు మా వీధిలో పొద్దున ఐదింటికి మొదలయ్యే చప్పుడు వినబడింది. అట్టల దారం ఒకచోట పట్టేస్తే ఆయన లేచి వేలితో తడిమి సర్దాడు, అచ్చం మా నాయన తడిమినట్టే, పైకి చూడకుండా. మా ఆయన నావైపు చూసి ఏమీ అనలేదు.

గైడు కూలి సంగతి కూడా చెప్పింది. పట్టు, డిజైను వ్యాపారివి. మగ్గం, కష్టం నేతగాడివి. ముక్కకింత అని మజూరీ. 1831లో కనీసం ఇంత ఇవ్వాలని రేటు ఒప్పందమయ్యాక కొందరు వ్యాపారులు కుదరదన్నారు. నేతగాళ్ళు తిరగబడి కొన్ని రోజులు ఊరినే పట్టుకున్నారు. "పని చేస్తూ బతుకుతాం, లేదా పోరాడుతూ చస్తాం" అని రాసుకున్న నల్లజెండా. ధర్మవరంలో సావుకారికి చీర ఇచ్చే రోజు మా నాయన మొహం ఎలా ఉండేదో గైడుకి చెబుదామనిపించింది. నా ఇంగ్లీషుకి అంత శక్తి లేదు.

తిండి సంగతి చెప్పి ఆపుతాను. బూషోఁ అనే పాతకాలం భోజనశాలలు లియోన్ గొప్ప. అన్నీ పంది, పేగులు, కార్జాలు. శాకాహారులు కంగారుపడొద్దు, సెర్వెల్ దె కానూ అడగండి. అర్థం నేతగాడి మెదడు అని. ఉన్నదేమో మెత్తటి తెల్ల చీజ్‌లో ఉల్లి, వెల్లుల్లి, ఆకులు తరిగి కలిపింది. మన పెరుగుపచ్చడికి పెదనాన్న కూతురు. మాంసానికి గతిలేని నేతగాళ్ళ తిండి కాబట్టి ఆ పేరని వెక్కిరింపు. రెండు గిన్నెలు తిన్నాను. ఉడికించిన బంగాళాదుంపలు తోడు. నీళ్ళకి కరాఫ్ దో అనండి, కుళాయి నీళ్ళు ఊరికే ఇస్తారు. మధ్యాహ్నం రెండు దాటితే వంటిళ్ళు మూసేస్తారు, మళ్ళీ ఏడింటికే.

మోకాళ్ళు బాగుండి, చేతిసంచితో వెళ్ళేవాళ్ళకి ఇలాంటి హోటల్ హాయిగా చెబుతాను. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు, పసిపిల్లలున్నవాళ్ళు స్టేషన్ దగ్గర లిఫ్టున్న మామూలు హోటల్లో దిగి, పాత పేటకి మెట్రోలో వచ్చిపోండి. జులై, ఆగస్టుల్లో ఏసీ లేని రాతి ఇంటికి నేనైతే మళ్ళీ పోను. సెప్టెంబర్లో ముంగిలి గది దొరికితే పోతాను.

చివరి రోజు పొద్దున ఆరింటికి రైలు కోసం బయల్దేరాం. చెరో పెట్టె పట్టుకున్నాం. ఈసారి ఎలాగైనా తేల్చుకోవాలని ఆయన పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. లైటు ఆరిపోయింది.