రికార్డెడ్ కోర్సా, లైవ్ క్లాసా? స్టూడెంట్స్ ఒకటంటారు, సార్లు ఇంకోటంటారు

ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ లాంటి రికార్డెడ్ కోర్సులంటే చాలామంది స్టూడెంట్స్‌కి ఇష్టమే, ఎందుకంటే అర్థం కానిచోట ఆపి, వెనక్కి జరిపి మళ్లీ వినొచ్చు, రివిజన్‌కి 1.5 స్పీడ్ పెట్టుకోవచ్చు, పైగా ఎన్‌పీటెల్ మార్కుల్లో అసైన్‌మెంట్లకి 25 శాతమే, మిగతా 75 శాతం సెంటర్‌కెళ్లి రాసే పరీక్షకి కాబట్టి సర్టిఫికెట్‌కి విలువుంటుంది. లైవ్ క్లాసులో అంత వెసులుబాటు లేదు, నెట్ పోతే డెరివేషన్ సగం పోయినట్టే.

టీచర్లనడిగితే ఎక్కువమంది లైవే మేలంటారు, డౌట్ అక్కడికక్కడే తీరుతుందని. అదీ పిల్లలు కెమెరా ఆన్ చేస్తేనే! 2020 లాక్‌డౌన్‌లో నల్లటి డబ్బాలకి పాఠం చెప్తూ "వినపడుతోందా అమ్మా" అని అడిగి అడిగి అలిసిపోయారు పాపం.

నన్నడిగితే థియరీకి రికార్డెడే బెస్ట్, ల్యాబుకి మాత్రం రెండూ చాలవు, సోల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకోవాల్సిందే.