స్టర్లింగ్ సింగిల్, వెబ్ జంబో: ఏది మేలు?

1895 ఆగస్టులో లండన్ నుంచి అబర్డీన్‌కు రాత్రి రైలును ముందుగా చేర్చాలన్న పంతంతో బ్రిటన్ తూర్పు, పడమర మార్గాల కంపెనీలు పోటీపడినప్పుడు, రెండు వేర్వేరు ఆలోచనల నుంచి పుట్టిన ఆవిరి ఇంజన్లు ఒకే పరీక్షకు నిలిచాయి. తూర్పున గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం పాట్రిక్ స్టర్లింగ్ 1870 నుంచి డాంకాస్టర్‌లో కట్టించిన 'సింగిల్' ఉండగా, పడమటన లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కోసం ఎఫ్. డబ్ల్యూ. వెబ్ క్రూ పట్టణంలో తయారుచేయించిన 'జంబో' ఉంది.

అందంలో సింగిల్‌కు సాటి లేదు. దాన్ని నడిపించేది 8 అడుగుల 1 అంగుళం వ్యాసం గల ఒకే జత చక్రాలు. గంటకు 60 మైళ్ల వేగంలో అవి నిమిషానికి 208 చుట్లు తిరిగితే చాలు. 6 అడుగుల 9 అంగుళాల జంబో చక్రాలు దాదాపు 250 చుట్లు తిరగాలి. అయితే ఆవిరి ముందుకూ వెనక్కూ తోసే పిస్టన్ సింగిల్‌లో 28 అంగుళాలు, జంబోలో 24 అంగుళాలే కదులుతుంది కనుక, లెక్క వేసి చూస్తే రెండింటి పిస్టన్ వేగాలూ ఇంచుమించు సమానమే. పెద్ద చక్రం గురించి చెప్పుకునే గొప్పలో కొంత ఇక్కడే కరిగిపోతుంది.

అసలు తేడా, చక్రాలు జారకుండా పట్టాలను పట్టుకునే పట్టులో ఉంది. సింగిల్‌కు పట్టు పెంచాలంటే ఆ ఒక్క ఇరుసు మీదే బరువు పెంచాలి, ఆ భారాన్ని పట్టాలు భరించాలి. జంబోలో రెండు జతల చక్రాలను కడ్డీలతో కలిపినందున లాగే పని రెండు ఇరుసులకు పంచుకుపోతుంది.

ఎత్తుపల్లాలు తక్కువగా ఉన్న తూర్పు మార్గంలో 775వ నంబరు సింగిల్ గ్రాంథమ్ నుంచి యార్క్‌కు 82 మైళ్లను 76 నిమిషాల్లో దాటింది. జంబో తరగతికి చెందిన 'హార్డ్‌విక్' మాత్రం 916 అడుగుల ఎత్తున్న షాప్ అనే కొండదారి శిఖరాన్ని ఎక్కి దిగుతూ, క్రూ నుంచి కార్లైల్‌కు 141 మైళ్లను 126 నిమిషాల్లో ముగించింది. దాని వెనుక ఉన్నవి మూడే పెట్టెలన్న మాటను దాని అభిమానులు తరచూ మరచిపోతారు.

తేలికైన రైలు, చదునైన దారి ఉంటే సింగిల్‌నే ఎంచుకోవచ్చు. బరువైన పెట్టెలు, ఎక్కుడు దారులు ఉన్నచోట నా ఓటు జంబోకే. స్టర్లింగ్ తర్వాత వచ్చిన ఐవాట్ కూడా 1898లో 'అట్లాంటిక్' రకమనే తన ఇంజన్లకు రెండు జతల చక్రాలను కలిపే కట్టించాడు.