కరకట్ట నుంచి కొల్లేటి గట్ల దాకా: బెజవాడ చుట్టూ మా సైకిల్ యాత్రలు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నాలుగు రోజులు నిలిచాయి. నీళ్లు తీస్తున్నప్పుడు మా అమ్మ, "ఇవన్నీ ఎక్కడికి పోతాయిరా?" అని అడిగింది. కొల్లేటికమ్మా అన్నాను. అన్నానే గానీ ఆ దారి నేనెప్పుడూ చూడలేదు. మొన్న శీతాకాలంలో సైకిల్ మీద వెళ్లి చూశాను. దానికి ముందు కాళ్లు అలవాటు కావాలని కృష్ణ ఒడ్డున రెండు దారులు తిరిగాం. మూడింటి గురించీ రాస్తున్నాను.

నాతో వచ్చింది మా బావ. నాది 40 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిల్, అంటే మట్టి, కంకర దారుల కోసం చేసింది. ఆయనది 32 మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్. మన వైపు గ్రావెల్ అంటే రోడ్డుకి తోలే ఎర్ర కంకర మట్టి. అది ఎండినా తడిసినా టైరు కింద గట్టిగానే ఉంటుంది. మన డెల్టాలో అది అన్నిచోట్లా ఉండదు. కొంత దూరం ఎర్ర గ్రావెల్, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత నల్లరేగడి. సైకిల్ ఎంత ఖరీదైనదైనా చివరికి మట్టి చెప్పినట్టే వినాలి.

మొదటి దారి కృష్ణ కుడి కరకట్ట, దిగువ వైపు. తెల్లవారుజామున ఐదున్నరకి ప్రకాశం బ్యారేజీ దాటాం. సీతానగరం దగ్గర ఎడమకి తిరిగి చిర్రావూరు, గుండిమెడ, పెదకొండూరు, వల్లభాపురం మీదుగా మున్నంగి దాకా వెళ్లాం. రానూపోనూ అరవై కిలోమీటర్ల పైచిలుకు. కొంత తారు, కొంత కంకర. ఎడమ చేతి వైపు నది, ఇసుక, లంక పొలాలు. కుడి చేతి వైపు, కట్టకి బాగా దిగువన, అరటి, పసుపు, కంద. కట్ట మీద నుంచి చూస్తే ఊళ్లో ఇళ్ల పైకప్పులు మన కాళ్ల కింద ఉన్నట్టుంటాయి. 2024 వరదలో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఆ రాత్రి ఇక్కడివాళ్లు ఇసుక బస్తాలు పట్టుకుని కట్ట మీదే కాపలా కాశారని పెదకొండూరులో టీ కొట్టు ఆయన చెప్పాడు. అది విన్నాక ఆ కట్ట మీద తొక్కడం నాకు మామూలు రోడ్డు మీద తొక్కినట్టు అనిపించలేదు.

ఈ దారిలో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి ఇసుక లారీలు. పొద్దున ఎనిమిది దాటితే దుమ్ము ముఖం మీద పేరుకుంటుంది, కాబట్టి ఆ లోపే తిరుగు దారి పట్టండి. రెండోది పల్లేరు కాయలు. కట్ట అంచున గడ్డిలో ఉంటాయి. బావ టైరుకి ఒకే చోట మూడు గుచ్చుకున్నాయి. పల్లెటూళ్ల సైకిల్ షాపుల్లో పంక్చర్ చక్కగా వేస్తారు, ఇరవై రూపాయలు ఇస్తే మొహమాటపడతారు. కానీ మన సైకిళ్లకుండే సన్న వాల్వుకి వాళ్ల పంపు పట్టదు. చేతి పంపు, రెండు ట్యూబులు మీ దగ్గర ఉండాల్సిందే. ఒకరోజు తిరగడానికి బెజవాడ చుట్టూ ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. ఇందులో బసతో పనే లేదు.

రెండోది అదే ఒడ్డున ఎగువకి: ఉండవల్లి, వెంకటపాలెం, రాయపూడి, వైకుంఠపురం, అమరావతి. చాలా భాగం తారు రోడ్డే, పైగా రాజధాని పనుల టిప్పర్లు. గ్రావెల్ కోసమైతే వెళ్లకండి. ఉండవల్లి గుహల్లో శయనించిన అనంతపద్మనాభస్వామిని పొద్దుటి వెలుగులో చూడటానికి, అమరలింగేశ్వరుడి గుడి మెట్ల దగ్గర కృష్ణలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి వెళ్లండి. గుడి దగ్గర మామూలు గదిలో ఉన్నాం. శుభ్రంగా ఉంది, సైకిళ్లు వరండాలో పెట్టుకోనిచ్చారు. శుక్రవారం వెళ్లడం పొరపాటైంది, మ్యూజియం మూసి ఉంది.

ఇక కొల్లేరు. దీనికి రెండు రోజులు, ఒక రాత్రి.

చక్రాలు విప్పి సంచుల్లో పెట్టి బెజవాడలో ప్యాసింజర్ బండి ఎక్కి గుడివాడలో దిగాం. హైవే మీద నలభై కిలోమీటర్లు తొక్కి అలసిపోవడం కంటే ఇదే మేలు. సంచిలో ఉన్న సైకిల్‌ని తలుపు పక్కన నిలబెడితే ఎవరూ ఏమీ అనలేదు. గుడివాడ నుంచి నందివాడ వైపు వెళ్లి బుడమేరు గట్టు ఎక్కాం. మా వీధిలో ఎర్రగా ఉరుకుతూ వచ్చిన ఏరు ఇక్కడ గుర్రపుడెక్క కింద కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. చాలాసేపు నిలబడి చూశాను. బావ తొందరపెట్టలేదు.

అక్కడి నుంచి కైకలూరు దాకా కనుచూపు మేర చేపల చెరువులే. ఆ చెరువు గట్లే మా దారి. వెదురు గడలకి కట్టిన తవుడు బస్తాల చుట్టూ బొచ్చెలు, శీలావతులు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. గట్టు మీద తొక్కేముందు కాపలా ఆయన్ని అడగాలి. చాలాచోట్ల అది సొంత దారి. మేం "ఏవండీ, ఇటు వెళ్లొచ్చా?" అని అడిగిన ప్రతిచోటా వెళ్లనిచ్చారు. ఒకచోట కుక్కల్ని కూడా పట్టుకున్నారు.

మొదటి రోజు గట్లు ఎండి గట్టిగా ఉన్నాయి. రాత్రి ఒక జల్లు పడింది. మర్నాడు పొద్దున అదే గట్టు మీద మూడు కిలోమీటర్లు వెళ్లడానికి గంటన్నర పట్టింది. రేగడి టైరుకి చుట్టుకుని, ఫోర్కులో ఇరుక్కుని, చక్రం తిరగడమే మానేసింది. పుల్లతో గీకడం, పది అడుగులు తొయ్యడం, మళ్లీ గీకడం. చివరికి భుజాన మోశాం. బావ సన్న టైర్లకే కాస్త నయం, మట్టి పడిపోవడానికి సందు ఉంది. వాన పడితే గట్ల జోలికి పోకండి. ఒక ఎండ పూర్తిగా కాసేదాకా తారు రోడ్డు మీదే తిరగండి. డిసెంబరు, జనవరి నెలల్లో వాన లేకపోయినా మంచుకే గట్టు పైపొర మెత్తబడుతుంది, ఎనిమిదిన్నర తర్వాత ఎక్కితే మంచిది.

కైకలూరులో బస గురించి. ముందు వెళ్లిన లాడ్జిలో సైకిళ్లు రోడ్డు మీదే వదలాలన్నారు, డబ్బు కట్టించుకున్నాక. వెనక్కి ఇవ్వడానికి అరగంట వాదించారు, బాగా టెన్షన్ పడ్డాం. రెండో చోట గది చిన్నది, దోమలు ఎక్కువ. కానీ యజమాని తనే వచ్చి సైకిళ్లు మెట్ల కింద పెట్టించి, పొద్దున కడుక్కోవడానికి గొట్టం ఇచ్చాడు. మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను. గది మాట్లాడుకునేటప్పుడు ఏసీ కంటే ముందు సైకిల్ ఎక్కడ పెట్టాలో అడగండి. దోమల చక్రం, ఓడోమాస్ వెంట ఉంచుకోండి. భోజనం మాత్రం మెస్సుల్లో తినండి. శీలావతి పులుసుతో ఆ రాత్రి నేను తిన్నంత అన్నం ఈమధ్య ఎక్కడా తినలేదు.

ఆటపాక పక్షుల కేంద్రం కైకలూరు పక్కనే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోవడానికి అటవీ శాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలిపారు, చెట్లు చాలవు కాబట్టి. పడవ ఎక్కి దగ్గరగా చూడొచ్చు. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కాక పక్షులూ మనమూ ఇద్దరమూ డీలా పడతాం. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి, అదే రామ్‌సర్ జాబితాలోకి, ఎక్కింది. 2006లో సరస్సు లోపలి చెరువు గట్లు కొట్టేశారు. ఆ తర్వాత మళ్లీ చాలాచోట్ల గట్లు లేచాయి. నేను సరదాగా తొక్కిన గట్టు నీళ్లకి అడ్డంగా ఉన్న గట్టేనేమో అన్న ఆలోచన ఆ రెండు రోజులూ నన్ను వదల్లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఇక్కడ పరుచుకోవాలి, ఇక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. పరుచుకునే చోటు తగ్గితే నీళ్లు వెనకాలే నిలుస్తాయి.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గర మధ్యాహ్నం ఆగాం. అప్పటికి పైరగాలి లేచింది, సైకిల్ ఆనించి నిలబడితే గుడి గంట దానంతట అదే కదులుతోంది. అక్కడి నుంచి అమ్మకి ఫోన్ చేసి నీళ్ల మీదకి కెమెరా తిప్పాను. "ఇక్కడికేనా?" అంది. ఇక్కడికేనమ్మా అన్నాను. గుర్రపుడెక్క పూలు బాగున్నాయంది, గుడిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకు రమ్మంది. కాళ్లకి మట్టి కడుక్కుని వెళ్లొచ్చి, సాయంత్రం బండికి కైకలూరు స్టేషన్ చేరాం.