ఎంపీ రికార్డు చూపించే సైట్లు: చాలా ఏళ్లు వాడాక నా రివ్యూ

ఎన్నికలు దగ్గరపడగానే వాట్సాప్‌లో ఒక కార్డు తిరగడం మొదలవుతుంది. ఫలానా ఎంపీ హాజరు ఇంత శాతం, అడిగిన ప్రశ్నలు ఇన్ని, పాల్గొన్న చర్చలు ఇన్ని, పక్కనే జాతీయ సగటు. ఆ అంకెలు చాలావరకు పార్లమెంటు పనిని గమనించే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ నడిపే ఎంపీ ట్రాక్ పేజీ నుంచి తీసినవే. నేను ఆ పేజీనీ, పార్లమెంటు సొంత సైటునీ, ఎంపీ నిధుల డాష్‌బోర్డునీ ఏళ్ల తరబడి వాడుతున్నాను, అదీ ఒకే పని మీద: ప్రభుత్వం డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతోంది, ఎక్కడ నానబెడుతోంది అనే విషయాన్ని మా ఎంపీ ఎంత పట్టించుకున్నాడో తేల్చుకోవాలని. ఆయన పేరు, పార్టీ ఇక్కడ అనవసరం. ఏ ఎంపీని పట్టుకుని వెతికినా ఇవే సైట్లు, ఇవే చిక్కులు.

ఎంపీ ట్రాక్ వాడటం తేలిక. పేరు కొడితే పేజీ వస్తుంది, అడిగిన ప్రశ్నల జాబితా తేదీలతో సహా ఉంటుంది, రాష్ట్ర సగటు కూడా పక్కనే ఉంటుంది. ఇందులో హాజరు శాతాన్ని మాత్రం చూసీ చూడనట్టు వదిలేయండి. అది హాజరు నమోదైన రోజుల లెక్క, అంతే. హాజరు వేయించుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయినా హాజరే, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని రైల్వే పద్దుల మీద మాట్లాడినా హాజరే. మంత్రులు, స్పీకర్ హాజరు వేయించుకోనక్కర్లేదు, మంత్రులు ప్రశ్నలు కూడా అడగరు కాబట్టి మీ ఎంపీ మంత్రి అయితే ఆ పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది. అది చూసి "మనోడు ఐదేళ్లు నోరే విప్పలేదు" అని గ్రూపుల్లో పోస్టులు పెట్టేవాళ్లు ప్రతి ఎన్నికకీ కొంతమంది తగులుతారు.

చర్చల సంఖ్య కూడా అంతే. స్థానిక సమస్యని సభ దృష్టికి తెచ్చే రూల్ 377 కింద రెండు పేరాలు చదివి కూర్చున్నా ఒకటే, బడ్జెట్ మీద అరగంట మాట్లాడినా ఒకటే. అదృష్టం ఏమిటంటే జాబితాలో ఆ చర్చ ఏ రకమో రాసి ఉంటుంది. నేను నేరుగా బడ్జెట్ సాధారణ చర్చ, పద్దులు (శాఖలవారీగా అడిగే ఖర్చు), అనుబంధ పద్దులు (ఏడాది మధ్యలో అదనంగా అడిగేది), ఆర్థిక బిల్లు (పన్నుల బిల్లు), ఈ నాలుగూ వెతుకుతాను, మిగతావి తర్వాత. అలా జల్లెడ పడితే పెద్ద సంఖ్య ఉన్నవాళ్ల దగ్గర కూడా మిగిలేది ఒక్కోసారి చాలా తక్కువ, ఎక్కువ భాగం తమ స్టేషన్‌లో రైలు ఆపమనే విన్నపాలే. అవీ కావాలి, కాదనను. కానీ ఆర్థిక విధానం మీద రికార్డు అంటూ వాటిని చూపిస్తే ఒప్పుకోవడం కష్టం.

ప్రసంగం పూర్తి పాఠం పార్లమెంటు సైట్లో దొరుకుతుంది. ఎంపీ తెలుగులో మాట్లాడి ఉంటే అక్కడ మనకు కనిపించేది సాధారణంగా దాని ఇంగ్లిష్ అనువాదం, కింద చిన్న అక్షరాల్లో అసలు తెలుగులో మాట్లాడారని ఒక గమనిక. వెటకారం, సామెత, ఊతపదం అన్నీ ఆ అనువాదంలో ఎగిరిపోతాయి, అందుకే నేను తేదీ పట్టుకుని వీడియో వెతుక్కుంటాను.

ఇక అసలు సరుకు ప్రశ్నల్లో ఉంది, సంఖ్యలో కాదు సుమా, జవాబుల్లో. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 దాకా గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్న కూడా వేయొచ్చు, కానీ ప్రశ్నోత్తరాల గంటలో ఆ ఇరవైలో కొన్నిటి వంతే వస్తుంది. ఎవరి ప్రశ్న ముందుండాలో లాటరీ తీసి తేలుస్తారు. పైగా ఒకే విషయం మీద నలుగురైదుగురు ఎంపీలు నోటీసు ఇస్తే అన్నీ కలిపి ఒకే ప్రశ్నగా వేసి పైన అందరి పేర్లూ రాస్తారు, లెక్కలో మాత్రం అందరి ఖాతాలోనూ ఒక్కోటి పడుతుంది. కాబట్టి 400 ప్రశ్నలు అడిగినాయన 200 అడిగినాయన కంటే రెట్టింపు పనిమంతుడు అనుకోవడానికి లేదు.

జవాబు తెరిచి చూడండి. మొదటి పేజీలో ఎక్కువగా పథకం గొప్పలే ఉంటాయి, ఎప్పుడు మొదలైంది, లక్ష్యం ఏమిటి వగైరా. చాలామంది అక్కడే మూసేస్తారు. చివర అనుబంధం ఉంటుంది, అది చూడాలి. ఉదాహరణకి పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్. 2019 ఆగస్టు 15న ప్రకటించిన పథకం, మన రెండు రాష్ట్రాల్లాంటి చోట్ల కేంద్రం సగం పెడితే రాష్ట్రం సగం పెట్టాలి. దీని మీద వచ్చిన జవాబుల్లో రాష్ట్రాలవారీ పట్టిక ఉంటుంది: ఆ ఏడాది కేంద్రం కేటాయించింది ఎంత, రాష్ట్రం తీసుకున్నది ఎంత, ఖర్చయింది ఎంత. కేటాయింపు గడిలో పెద్ద అంకె ఉండి పక్క గడిలో చిన్న అంకె ఉంటే, కేంద్రం కేటాయించినా డబ్బు రాష్ట్రానికి చేరలేదని అర్థం. రాష్ట్రం తన వాటా పెట్టకపోవడమో, ముందు ఇచ్చిన సొమ్ముకి వినియోగ పత్రాలు (ఖర్చు పెట్టామనే ధ్రువీకరణ) పంపకపోవడమో సాధారణంగా కారణాలు. టీవీ చర్చలో ఒకాయన "కేంద్రం ఒక్క రూపాయి ఇవ్వలేదు" అంటాడు, ఎదుటాయన "వేల కోట్లు ఇచ్చాం" అంటాడు, ఇద్దరూ ఆ పట్టికలో తమకి నచ్చిన గడి ఒక్కటే చదువుతున్నారని పట్టిక ఎదురుగా ఉంటే తెలిసిపోతుంది. ఆ పట్టికని బయటకి లాగించేలా ప్రశ్న వేసిన ఎంపీకి నేను మార్కులు వేస్తాను, "పథకం వివరాలు తెలపండి" అని వదిలేసినవాడికి వేయను.

ఇంకో గుర్తు కూడా చెప్తాను. కొన్ని జవాబుల్లో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఒక వాక్యం ఉంటుంది. అది ఊరికే తప్పించుకునే మాటలా కనిపిస్తుంది గానీ సభ లెక్కలో అది హామీ, దాన్ని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. తన ప్రశ్నకి అలాంటి జవాబు వస్తే ఎంపీ మళ్లీ తర్వాతి సమావేశాల్లో అదే అడిగాడా లేదా అన్నది నేను తప్పకుండా చూస్తాను. మా ఎంపీ విషయంలో రోడ్ల మీద ఒకసారి అడిగాడు, మిగతా చోట్ల మర్చిపోయాడు.

ఒక్క ప్రశ్న ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే 1957 చూడాలి. ఎల్ఐసీ సొమ్ముతో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలు కొన్న సంగతిని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో పట్టుకున్నారు. ఆయన అధికార పార్టీ ఎంపీయే, ప్రధాని నెహ్రూ అల్లుడే. న్యాయమూర్తి చాగ్లా కమిషన్ విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇప్పటి లెక్కల కార్డు అప్పుడు ఉండి ఉంటే అందులో అది "చర్చలు: 1" అని పడేది.

కొత్తగా చూసేవాళ్లు అందరూ అడిగేది ఓట్ల గురించి. "అమెరికాలోలాగా ఏ బిల్లుకి ఎలా ఓటేశాడో చూపించే పేజీ లేదా అన్నా?" అని ఒక తమ్ముడు నన్ను అడిగాడు. చెప్పుకోదగ్గంత లేదు, ఉన్నా పెద్దగా పనికిరాదు. మన దగ్గర ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి, ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో రికార్డు కాదు. ఎవరైనా డివిజన్ (ఓట్ల లెక్కింపు) అడిగితేనే పేర్లు పడతాయి. పడినా, 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్‌ని (పార్టీ ఆదేశాన్ని) ధిక్కరిస్తే సీటు పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ఓటు పార్టీది, మనిషిది కాదు. బడ్జెట్‌లో అయితే ఇంకా అన్యాయం. శాఖలవారీ పద్దుల్లో కొన్నిటి మీదే చర్చ జరుగుతుంది, గడువు రోజు సాయంత్రం మిగతావన్నీ ఒకేసారి గిలెటిన్ చేసి, అంటే చర్చ లేకుండానే, పాస్ చేస్తారు. 2018లో, మళ్లీ 2023లో అయితే అసలు ఏ చర్చా లేకుండానే లోక్‌సభలో మొత్తం పద్దులన్నీ గొడవ మధ్య అయిపోయాయి. 2023 బడ్జెట్ సుమారు 45 లక్షల కోట్లు! ఆ రోజు సభలో ఉన్న ఎంపీల హాజరు మాత్రం చక్కగా నమోదైంది.

ఓట్లు లేకపోతే కోత తీర్మానాలు చూడొచ్చు. ఫలానా పద్దులో 100 రూపాయలు తగ్గించండి అని నోటీసు ఇవ్వడం అన్నమాట, డబ్బు తగ్గించడానికి కాదు, ఆ పద్దు కింద తన ఫిర్యాదు ఏమిటో రికార్డు చేయించడానికి. అవి నెగ్గవు, నెగ్గితే ప్రభుత్వానికే ముప్పు. అయినా ఎంపీ ఏ శాఖ పుస్తకం తెరిచి చదివాడో వాటిలో తెలుస్తుంది. ఎంపీ ట్రాక్ పేజీలో ఇవి కనపడవు, విడిగా తవ్వుకోవాలి. ప్రైవేటు మెంబర్ బిల్లుల (మంత్రి కాని ఎంపీ పెట్టేవి) సంఖ్యని నేను పట్టించుకోను. ఇప్పటిదాకా చట్టాలైనవి 14, చివరిది 1970లో.

అన్నిటికంటే పెద్ద లోటు కమిటీల దగ్గర. ఖర్చు మీద లోతైన పని జరిగేది అక్కడే: శాఖల స్థాయీ సంఘాలు 24, ఒక్కోదాంట్లో 31 మంది, బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో పద్దులు పరిశీలించేది వీళ్లే. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ నివేదికలు చూసే ప్రజా పద్దుల సంఘం ఉంది, 1967 నుంచి దానికి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. కానీ సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి, నివేదిక సంఘం మొత్తం పేరు మీద వస్తుంది. అందులో ఏ ప్రశ్న ఎవరు వేశారో మనకి తెలియదు. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నాడో చూసి, ఆ సంఘం నివేదికల చివర జతచేసే మినిట్స్‌లో హాజరైనవాళ్ల పేర్లు చూడండి. విసుగు పుట్టించే పనే. సభలో హాజరు కంటే నాకు ఈ హాజరు ముఖ్యం.

ఎంపీ నిధుల డాష్‌బోర్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువ చూసేది ఇదే. 1993 డిసెంబరులో పీవీ హయాంలో మొదలైన పథకం, మొదటి ఏడాది 5 లక్షలు, తర్వాత కోటి, 1998-99 నుంచి 2 కోట్లు, 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు. కోవిడ్ వల్ల 2020-21లో పూర్తిగా ఆపేశారు, మరుసటి ఏడాది 2 కోట్లే ఇచ్చారు, అందుకే 2019లో గెలిచిన లోక్‌సభ ఎంపీకి ఐదేళ్లలో దక్కింది 25 కాదు, 17 కోట్లు. ఈ సంగతి తెలియకుండా పాత ఎంపీతో పోల్చి "ఈయన తక్కువ ఖర్చు పెట్టాడు" అనేవాళ్లున్నారు. ఎంపీ చేసేది సిఫారసు మాత్రమే, మంజూరు చేసేదీ చేయించేదీ జిల్లా యంత్రాంగం. సొమ్ము మిగిలిపోయిందంటే తప్పు ఎంపీదే కావచ్చు, అంచనాల ఫైలు కదలకపోవడమూ కావచ్చు. శాతం చూస్తే అది తెలియదు.

2023 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు, ఈ-సాక్షి పోర్టల్ వచ్చాక సిఫారసు, మంజూరు, చెల్లింపు అంతా ఆన్‌లైన్ అయింది, అది మెచ్చుకోవాలి. కానీ స్క్రీన్ మీద "పూర్తయింది" అంటే కట్టడం పూర్తయిందనే. మా వైపు ఒక కమ్యూనిటీ హాలు అలాగే పూర్తయింది, శిలాఫలకం నున్నగా మెరుస్తోంది, తలుపుకి తాళం, కరెంటు మీటరు పెట్టలేదు. ఎందుకని సమాచార హక్కు కింద ఒక ఆఫీసులో 10 రూపాయలు కట్టి అడిగితే ఫైలు వేరే ఆఫీసుకి సంబంధించిందని జవాబు వచ్చింది. అక్కడ అడిగితే ఇంకో ఆఫీసు.

అయినా ఇంత హడావుడి చేసే ఈ నిధి ఎంత? ఎంపీలందరిదీ కలిపినా ఏడాదికి 4 వేల కోట్ల లోపు, 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైచిలుకు. వంద రూపాయల్లో పది పైసలు కూడా లేదు. మిగతా డబ్బు మీద ఎంపీ ఏం మాట్లాడాడన్నదే నాకు కావాలి, దానికి డాష్‌బోర్డు లేదు.

మైనేతా అనే సైటు అభ్యర్థుల ఆస్తుల అఫిడవిట్లకి బాగుంటుంది, ఈ పనికి అక్కర్లేదు.

ఎమ్మెల్యేల సంగతి అడగకండి. ఆంధ్రలో 175 మంది, తెలంగాణలో 119 మంది, ఒక్కొక్కరి ప్రశ్నలూ ప్రసంగాలూ ఎంపీ ట్రాక్ అంత తేలిగ్గా దొరికే చోటు నాకు ఇంతవరకు కనపడలేదు. అసెంబ్లీలో అప్పుల మీద ఎవరు ఏమన్నా నేను కాగ్ నెలనెలా పెట్టే రాష్ట్ర ఖాతాల పట్టిక తీసి చూసుకుంటాను. ఆదాయం, ఖర్చు, ఆ నెల వరకు చేసిన అప్పు, బడ్జెట్‌లో రాసుకున్న అంచనా, అన్నీ రెండు మూడు పేజీల్లో ఉంటాయి. కార్పొరేషన్ల పేరుతో బడ్జెట్ బయట తెచ్చిన అప్పు మాత్రం అందులో ఉండదు, దాని కోసం ఏడాది ముగిశాక వచ్చే కాగ్ నివేదిక దాకా ఆగాలి, అదీ సభలో పెట్టినప్పుడు.