చేజా, సూవెలా? అయిదో పిక్‌తో బెంగాల్స్‌కు ఏది మేలు

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానికి జట్టు బాగా ఆడితే సీజన్ ఫిబ్రవరిలో ముగుస్తుంది, ఆడకపోతే నవంబరులోనే ముగుస్తుంది. నవంబరులో ముగిసినవాళ్లకు ఇక మిగిలే వ్యాపకం కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్ లెక్కలు. జట్టులో ఎక్కడెక్కడ లోటుందో ఒక జాబితా, కాలేజీ ఆటగాళ్లలో ఎవరు మెరుస్తున్నారో మరో జాబితా రాసుకుని, రెంటినీ పక్కపక్కన పెట్టి గీతలు కలుపుకుంటూ కూర్చుంటాం. ఈ గీతలు కలపడంలోనే మనలో చాలామంది పప్పులో కాలేస్తామని నా నమ్మకం. అందుకు 2021 డ్రాఫ్ట్‌లో మా జట్టు సిన్సినాటి బెంగాల్స్ ముందున్న ప్రశ్నకన్నా (అయిదో పిక్‌తో, అంటే ఎంచుకునే అయిదో వంతులో, బంతి పట్టే జమార్ చేజ్‌ను తీసుకోవాలా, బంతి విసిరేవాణ్ని కాచే పెనే సూవెల్‌నా) మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కొత్తగా ఈ ఆట చూస్తున్నవారికోసం రెండు ముక్కలు. ఐపీఎల్ వేలంలో చేతిలో డబ్బున్న జట్టు ఎవరికోసమైనా పాట పాడవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరస ఉంటుంది. మొత్తం 32 జట్లు, ఏడు రౌండ్లు. కిందటి సీజన్‌లో అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టు ముందు ఎంచుకుంటుంది, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టు చివర ఎంచుకుంటుంది. తన వంతును ఇంకో జట్టుతో మార్చుకోవచ్చు. కొత్త ఆటగాడి జీతం అతను ఎన్నో నంబరులో వెళ్లాడన్నదాన్ని బట్టే ఉంటుంది, ఏ స్థానంలో ఆడతాడన్నదాన్ని బట్టి కాదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక 2020 సీజన్. ఆ ఏడాది మొదటి నంబరు పిక్‌తో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జో బరో పది ఆటల్లో 32 సార్లు నేల కరిచాడు. నవంబరు 22న వాషింగ్టన్ జట్టుతో ఆడుతూ మోకాలి లిగమెంట్లు తెగి సీజన్‌కే దూరమయ్యాడు. జట్టు నాలుగు గెలిచి, పదకొండు ఓడి, ఒకటి సమం చేసుకుంది. డిసెంబరులో స్టీలర్స్ మీదా టెక్సన్స్ మీదా వరసగా గెలవడంతో డ్రాఫ్ట్ వరసలో కిందికి జారి అయిదో చోట ఆగింది. గెలిచినందుకు సొంత జట్టును విసుక్కునే వింత స్థితి డ్రాఫ్ట్ పిచ్చి ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. ఆ జారుడులో పెనే సూవెల్ చేయిదాటిపోతాడేమోనని మా బెంగ.

ఎందుకంటే ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే ఊహించి ఆ చలికాలంలో రాసిన మాక్ డ్రాఫ్టుల్లో దాదాపు అన్నింటా బెంగాల్స్ పేరు పక్కన సూవెల్ పేరే ఉండేది. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో లెఫ్ట్ టాకిల్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌లో ఎడమ చివరివాడు, సుమారు 150 కిలోల మనిషి. అంత బరువుతో అంత చురుగ్గా అడుగులు వేసేవాళ్లు అరుదు. కాలేజీలో రెండో ఏటనే, 2019లో, దేశంలోని ఉత్తమ లైన్‌మన్‌కు ఇచ్చే ఔట్‌ల్యాండ్ ట్రోఫీ అందుకున్నాడు. డ్రాఫ్ట్ నాటికి ఇరవయ్యేళ్లే. క్వార్టర్‌బ్యాక్ మోకాలు దెబ్బతింది, కాబట్టి అతన్ని కాచేవాడు కావాలి. ఇంతకన్నా తిన్నని గీత ఎక్కడుంటుంది?

రెండో పేరు జమార్ చేజ్. ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వైడ్ రిసీవర్, అంటే విసిరిన బంతిని పరుగెత్తి పట్టేవాడు. 2019లో 84 క్యాచ్‌లు, 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు (బంతితో అవతలి గీత దాటి చేసే స్కోర్లు), ఉత్తమ రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు. ఆ బంతులు విసిరింది బరోనే. ఇద్దరూ కలిసి ఒక్క ఆటా ఓడకుండా ఆ ఏడాది జాతీయ టైటిల్ గెలిచారు. కోవిడ్ కారణంగా చేజ్, సూవెల్ ఇద్దరూ 2020 సీజన్ ఆడలేదు. అంటే ఏడాది పాతబడిన ఆట చూసి, మార్చిలో కాలేజీల్లో జరిగిన పరుగుపందేలు చూసి తేల్చుకోవాలి. ఆ ఏడాది జట్లన్నీ ఒకచోట చేరి కుర్రాళ్లను కొలిచే కంబైన్ కూడా మామూలుగా జరగలేదు.

సూవెల్ పక్షం వాదన బలమైనదే. క్వార్టర్‌బ్యాక్ నిలబడితేనే కదా రిసీవర్‌కు బంతి అందేది? పైగా మంచి రిసీవర్లు రెండో రౌండులో, మూడో రౌండులో కూడా దొరుకుతారు. అసలైన టాకిల్ మొదటి పదిమందిలో తప్ప దొరకడం కష్టం. ఈ రెండో మాటకు సాక్ష్యం అదే డ్రాఫ్ట్‌లో ఉంది. సూవెల్‌ను ఏడో పిక్‌తో తీసుకున్న డెట్రాయిట్ లయన్స్ నాలుగో రౌండులో, 112వ పిక్‌తో, అమోన్‌రా సెయింట్ బ్రౌన్ అనే రిసీవర్‌ను తెచ్చుకుంది. ఇద్దరూ 2023లోనూ 2024లోనూ ఆల్ ప్రో (ఏటా లీగ్‌లోని మేటివాళ్ల జాబితా) మొదటి జట్టులో నిలిచారు. ఇంకో సాక్ష్యం మాకు మరీ చేదుగా ఉంటుంది. 56వ సూపర్ బౌల్‌లో మమ్మల్ని ఓడించిన రామ్స్ జట్టు రిసీవర్ కూపర్ కప్, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడు, 2017లో మూడో రౌండులో వచ్చినవాడే.

చేజ్ పక్షం వాదన మొదట్లో స్నేహధర్మంలా వినిపించింది. పాత దోస్తును తెచ్చిపెడతారన్నమాట, అని నవ్వినవాళ్లున్నారు. కానీ అందులో ఒక గట్టి లెక్క ఉంది. కొత్త ఆటగాడి జీతం పిక్ నంబరును బట్టి కదా. బయటి బజారులో మేటి రిసీవర్ ధర మేటి రైట్ టాకిల్ ధరకన్నా చాలా ఎక్కువ. అంటే ఒకే పిక్‌తో చేజ్‌ను తీసుకుంటే నాలుగైదేళ్లపాటు జట్టుకు మిగిలే డబ్బు ఎక్కువ. తర్వాతి ఒప్పందాలే చూడండి. 2024లో సూవెల్‌కు నాలుగేళ్లకు 11.2 కోట్ల డాలర్లు, 2025లో చేజ్‌కు నాలుగేళ్లకు 16.1 కోట్ల డాలర్లు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి. బరో మోకాలు దెబ్బతిన్న ఆ క్షణాన్ని మళ్లీ నెమ్మదిగా చూడండి. వాషింగ్టన్ ఆటగాడు లోపలినుంచి గార్డును, అంటే లైన్‌లో టాకిల్‌కు లోపలివైపు నిలబడేవాణ్ని, వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, ఆ గార్డుతో సహా బరో కాలిమీద పడ్డాడు. కూలిన చోటు గార్డుది. సూవెల్ టాకిల్, లైన్ చివర నిలబడేవాడు. అతను ఆ రోజు ఆ జట్టులో ఉన్నా ఆ గార్డు అక్కడే ఉండేవాడు, ఆ నెట్టుడూ అలాగే జరిగి ఉండేది. లెఫ్ట్ టాకిల్‌గా 2019 మొదటి రౌండులో వచ్చిన జోనా విలియమ్స్ అప్పటికే ఉన్నాడు. రైట్ టాకిల్‌గా రైలీ రీఫ్‌ను ఆ వసంతంలోనే సంతకం చేయించారు. ‘లైన్ బాగాలేదు’ అని మేమందరం ఒక్క మాటలో తేల్చేశాం. లైన్ అంటే అయిదుగురు. అందులో ఎవరు బాగాలేరో చెప్పకుండా అయిదో పిక్ ఖర్చుపెట్టమని అడగడం చేతులు కాలాక ఏ ఆకు దొరికితే ఆ ఆకు పట్టుకోవడమే.

ఏప్రిల్ 29న బెంగాల్స్ చేజ్‌ను పిలిచింది. తర్వాత ఆగస్టు ఎంత నరకంగా గడిచిందో మరిచిపోయినవాళ్లు చాలామంది. సన్నాహక ఆటల్లో చేతిలో పడ్డ బంతులు జారవిడవడం మొదలుపెట్టాడు. ఎందుకని విలేకరులు అడిగితే, కాలేజీ బంతి కొసల దగ్గర తెల్లని చారలుంటాయి, ఇక్కడి బంతికి అవి లేవు, పైగా ఇది కాస్త పెద్దది, గాలిలో వస్తుంటే చూపు ఆనడం లేదు అన్నాడు. విన్నవాళ్లు ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఎద్దేవా చేశారు. నాకు మాత్రం ఆ జవాబు నచ్చింది. ఏడాది మైదానానికి దూరంగా ఉండి వచ్చినవాడు బంతిని ఏ గుర్తుతో పట్టుకుంటాడో అంత నిక్కచ్చిగా చెప్పగలిగాడంటే, తన పని తనకు తెలుసునన్నమాట. సెప్టెంబరులో వైకింగ్స్‌తో మొదటి ఆటలోనే 101 గజాలు, అందులో 50 గజాల టచ్‌డౌన్ ఒకటి. జనవరి 2న చీఫ్స్ మీద 266 గజాలు, మూడు టచ్‌డౌన్లు. కొత్త ఆటగాడు ఒక్క ఆటలో అన్ని గజాలు సాధించడం అదే మొదటిసారి. సీజన్ మొత్తానికి 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు, దాడి విభాగంలో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు. 31 ఏళ్ల తర్వాత బెంగాల్స్ ఒక ప్లేఆఫ్ ఆట గెలిచింది, అక్కడితో ఆగకుండా సూపర్ బౌల్ దాకా వెళ్లింది.

సూవెల్ పక్షం వాళ్ల నోరు దీంతో మూతపడిందా అంటే, లేదు. ఆ సీజన్‌లో బరో 51 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోగానే నేల కరిచాడు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. టైటన్స్‌తో ప్లేఆఫ్ ఆటలో తొమ్మిది సార్లు, అయినా గెలిచారు. సూపర్ బౌల్‌లో ఏడు సార్లు, ఓడారు.

ఆ ఓటమిలో బెంగాల్స్ చివరి ప్రయత్నం ఈ వాదన మొత్తాన్ని నాలుగు సెకన్లలో చూపిస్తుంది. స్కోరు 23-20, రామ్స్ ముందంజ. ముప్పావు నిమిషం కూడా లేదు. నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరి అవకాశం, ఒక్క గజం కావాలి. మైదానం మధ్యలో బంతి. అవతల చేజ్ తనను కాస్తున్న జేలెన్ రామ్సీని దాటేశాడు, ముందు ఎవరూ లేరు. బరో తలెత్తి ఆ వైపు చూసేంత వ్యవధి ఉంటే కథ వేరు. కానీ రామ్స్ ఆటగాడు ఆరన్ డొనాల్డ్ అప్పటికే బరో నడుం పట్టుకుని గిరగిరా తిప్పాడు, బంతి ఎవరికీ అందకుండా నేలపాలైంది. చేజ్ ఉండి ఏం లాభం, కాచేవాడు లేకపోతే, అని ఒకరు. చేజ్ లేకపోతే అసలు అక్కడిదాకా వచ్చేవాళ్లమా, అని ఇంకొకరు. నేను రెండో పక్షం. డొనాల్డ్ ఆ ప్రయత్నంలో కూడా లోపలినుంచే వచ్చాడు, గార్డును దాటుకుని. మళ్లీ గార్డే.

ఇదే డ్రాఫ్ట్‌లో మూడో దారి పట్టిన జట్టు ఉంది, ఆ సంగతి క్లుప్తంగా. లోటు ఉందని తెలిసి వరసలో పైకి ఎగబాకడం. శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ తన 12వ పిక్‌తోపాటు తర్వాతి రెండేళ్ల మొదటి రౌండు పిక్‌లు, ఒక మూడో రౌండు పిక్ ఇచ్చి మూడో చోటుకు వచ్చింది, క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ను తీసుకుంది. రెండు సీజన్లలో అతను ఆరంభించినవి నాలుగు ఆటలు. తర్వాత ఒక నాలుగో రౌండు పిక్‌కు కౌబాయ్స్‌కు అమ్మేశారు. వాళ్ల లోటు చివరికి పూడ్చింది 2022లో అందరికన్నా ఆఖరున, 262వ పిక్‌తో వచ్చిన బ్రాక్ పర్డీ. నవంబరులో జాబితా రాసుకునే అభిమాని ఈ కథను ఫ్రిజ్ మీద అంటించుకోవాలి.

డెట్రాయిట్‌కు వస్తే, వాళ్లకు సూవెల్ సరైన ఎంపిక అనడంలో నాకు సందేహం లేదు. ఏడో పిక్ దాకా అతను మిగిలాడని తెలిసినప్పుడు వాళ్ల జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ గదిలో ఎగిరి గంతులేసిన వీడియో ఇప్పటికీ చూస్తే నవ్వొస్తుంది. వాళ్ల పరిస్థితి వేరు. క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ అప్పుడే రామ్స్ నుంచి వచ్చాడు, ఎన్నాళ్లుంటాడో ఎవరికీ తెలియదు. బంతి అందించేవాడు ఎవరో తేలనప్పుడు పట్టేవాడిని ముందు కొనడం దండగ. ఎవరొచ్చినా పనికొచ్చేది లైనే. 2021లో మూడు ఆటలే గెలిచిన జట్టు 2023లో పన్నెండు, 2024లో పదిహేను గెలిచింది. 2022 డిసెంబరులో వైకింగ్స్ మీద ఆధిక్యం నిలబెట్టుకోవాల్సిన మూడో ప్రయత్నంలో బంతిని సూవెల్‌కే విసిరారు, అంత మనిషి పరుగెత్తి పట్టుకుని తొమ్మిది గజాలు తెచ్చాడు. ఆ క్షణంలో మాత్రం నాకు కాస్త అసూయ కలిగింది.

బెంగాల్స్ పక్షాన ఒప్పుకోవాల్సిన నిజం కూడా ఉంది. 2024లో చేజ్ క్యాచ్‌లలో, గజాలలో, టచ్‌డౌన్లలో మూడింటా లీగ్‌లో మొదటివాడు: 127, 1,708, 17. బరో కూడా గజాలలో, టచ్‌డౌన్ పాస్‌లలో మొదటివాడే. జట్టు తొమ్మిది గెలిచి ఎనిమిది ఓడి ప్లేఆఫ్స్‌కు చేరలేదు, ఎందుకంటే అవతలి జట్లను ఆపే రక్షణ విభాగం చేతులెత్తేసింది. దాడికి ఇంత పెట్టుబడి పెట్టాక రక్షణకు మిగిలేదెంత అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి అయిదో పిక్‌ను తప్పుపట్టలేం. ఆ డ్రాఫ్ట్‌లో బెంగాల్స్ తప్పటడుగు వేసింది మర్నాడు.

రెండో రౌండులో 38వ వంతు వాళ్లది. దాన్ని పేట్రియట్స్‌కు ఇచ్చి 46వ వంతుతోపాటు రెండు నాలుగో రౌండు పిక్‌లు తీసుకున్నారు, 46లో క్లెమ్సన్ నుంచి జాక్సన్ కార్మన్‌ను తెచ్చి గార్డుగా మార్చబోయారు. అతను నిలదొక్కుకోలేదు. లోటు ఎక్కడుందో వాళ్లు సరిగ్గానే గుర్తించారు, మనిషిని ఎంచడంలో దెబ్బతిన్నారు. అప్పటికి ఓక్లహోమా సెంటర్ క్రీడ్ హంఫ్రీ ఇంకా మిగిలే ఉన్నాడు. 63వ పిక్ దాకా ఎవరూ అడగలేదు, చీఫ్స్ తీసుకుంది, అతను తర్వాత ఆల్ ప్రో అయ్యాడు. సెంటర్ అంటే గార్డుల మధ్య నిలబడేవాడు, డొనాల్డ్ లాంటివాళ్లు దూసుకొచ్చే దారిలోనే ఉండేవాడు.

కాబట్టి ఆ డ్రాఫ్ట్ జాబితా నా చేతికిస్తే అయిదు దగ్గర గీత మార్చను, చేజ్ చేజే. 38ని ఎవరికీ ఇవ్వకుండా అక్కడ హంఫ్రీ పేరు రాస్తాను. 149వ పిక్‌తో తెచ్చిన కిక్కర్ ఇవాన్ మెక్‌ఫర్సన్ జోలికి మాత్రం వెళ్లను. టైటన్స్ మీద 52 గజాలనుంచి ఆఖరి క్షణంలో, చీఫ్స్ మీద అదనపు సమయంలో ఆటలు గెలిపించింది ఆ అయిదో రౌండు కుర్రాడే.