రోమేశ్ థాపర్ తీర్పా, శ్రేయా సింఘాల్ తీర్పా: ముందు ఏది చదవాలి?

గుంటూరు, విజయవాడల్లో లా చదువుతూ భావప్రకటన స్వేచ్ఛను గైడ్లతో సరిపెట్టుకోవద్దనుకునే వారికి నా సలహా: 1950 నాటి రోమేశ్ థాపర్ తీర్పుతో మొదలుపెట్టండి.

అది మనకు దూరపు కథ కాదు. అప్పటికి ఈ రెండు ఊళ్లూ మద్రాసు రాష్ట్రంలోనివే. రోమేశ్ థాపర్ సంపాదకత్వంలోని ‘క్రాస్ రోడ్స్’ వారపత్రిక రాకను, పంపిణీని ఆ ప్రభుత్వం నిషేధించింది. అంటే మన పెద్దల చేతికీ అది అందకూడదనే! పంపిణీ స్వేచ్ఛ లేనిదే ప్రచురణకు విలువ లేదని జస్టిస్ పతంజలి శాస్త్రి తేల్చారు. రాజ్య భద్రతకు ముప్పు లేనప్పుడు ప్రజాశాంతి పేరుతో నోరు నొక్కడం అప్పటి 19(2) (భావప్రకటన స్వేచ్ఛపై ఏ ఆంక్షలు పెట్టవచ్చో చెప్పే రాజ్యాంగ నిబంధన) కింద చెల్లదన్నారు. జస్టిస్ ఫజల్ అలీ భిన్నాభిప్రాయాన్నీ వదలకండి. ఏడాది తిరిగేసరికి రాజ్యాంగ మొదటి సవరణ వచ్చి, ‘ప్రజాశాంతి’ని ఆంక్షల జాబితాలో చేర్చింది, ఆంక్షలు ‘సహేతుకం’గా ఉండాలన్న మాటనూ అదే తెచ్చింది. తీర్పు చిన్నది, ఒక్క సాయంత్రం చాలు.

2015 నాటి శ్రేయా సింఘాల్ చాలా పెద్దది, ఓపిక కావాలి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం సెక్షన్ 66ఎను కొట్టేసిన ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. తీర్పు రాసినది జస్టిస్ నారిమన్. చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం వేర్వేరని, మూడోదాకా వెళ్తేనే ఆంక్షలని అందులో స్పష్టం చేశారు. వాదించడానికి పనికొచ్చే ఆయుధం ఇదే. కొట్టేసిన సెక్షన్ కింద ఎవరినీ విచారించవద్దని 2022లోనూ సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.